ఎక్స్‌రే బాగుందన్నాక కూడా చూసుకోవాల్సిన దెబ్బలు: రోడ్డు ప్రమాదం తర్వాత ఏ రోజు ఏం చేయాలి

రోడ్డు ప్రమాదం జరిగిన ఇంట్లో అందరూ ఎదురుచూసే మాట ఒకటే: "ఎముక విరగలేదు." అది వినగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొస్తుంది. గాయాలకు కట్టు కట్టించుకుని, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని, మాత్రల కవరు పట్టుకుని ఇంటికి వచ్చేస్తారు. తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా నేను చూసేవాళ్లలో చాలామంది అలా ఇంటికి వెళ్లి, నెలకో రెండు నెలలకో వచ్చినవాళ్లే. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు మేడమ్, కానీ చెయ్యి పైకి లేవడం లేదు" అంటారు. ఎక్స్‌రే తప్పు చెప్పలేదు. అది చూపించేది ప్రధానంగా ఎముకను. కండరం, లిగమెంటు (ఎముకను ఎముకతో కలిపే పట్టీ), టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు), నరం, రక్తనాళం, చర్మం కింది కొవ్వు పొర, కడుపులో పేగులు దెబ్బతింటే మామూలు ఎక్స్‌రేలో సరిగా తెలియదు.

ఇంకో చిక్కుంది. ప్రమాదం జరిగిన మొదటి గంటలో ఆ కంగారుకు శరీరమే నొప్పిని అణచేస్తుంది. వాపు రావడానికి గంటలు పడుతుంది. కమిలిన రంగు పైకి తేలడానికి ఒకటి రెండు రోజులు, చచ్చుబడిన చర్మం నల్లబడటానికి మూడు నుంచి ఐదు రోజులు, తలలో మెల్లగా ఊరే రక్తం బయటపడటానికి వారాలు పడుతుంది. క్యాజువాల్టీలో డాక్టర్ ఎంత శ్రద్ధగా చూసినా, ఇంకా బయటపడని దెబ్బను ఆ పూట చూడలేరు. కాబట్టి ఒక్కసారి చూపించుకుంటే సరిపోదు. మొదటి ఆరు గంటలు, మర్నాడు పొద్దున, మూడో రోజు, పదో రోజు, ఆరో వారం: ఈ ఐదుసార్లు పనిగట్టుకుని మళ్లీ చూసుకోవాలి. ఇక్కడ రాసేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

రోడ్డు మీద

ముందు 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. పడిపోయిన మనిషిని నలుగురు కలిసి కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో కుదేయడం మన దగ్గర ఇంకా జరుగుతోంది. మంటలు రావడం, మీదికి వేరే బండి వచ్చే ప్రమాదం లాంటివి లేకపోతే కదిలించకండి. తల అటూఇటూ తిరగకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకుంటే చాలు. మంచినీళ్లు, సోడా ఏమీ తాగించొద్దు. ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి, స్పృహ సరిగా లేని మనిషికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. గాయం మీద కాఫీ పొడి, పసుపు, సున్నం వేయకండి. తర్వాత వాటిని కడిగి తీయడం రోగికి నరకం.

సాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం వద్దు. 2019 మోటారు వాహన చట్ట సవరణలో వచ్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది. డబ్బు గురించి ఆగిపోవద్దు కూడా. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందుతుంది. ఆసుపత్రికి వెళ్లగానే ఆ సంగతి అడగండి.

ఆసుపత్రిలో ఉన్నప్పుడే

డాక్టర్‌కు ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పడం ఒక ఎత్తు, ఎలా పడ్డారో చెప్పడం ఇంకో ఎత్తు. రెండోదే దాగిన దెబ్బలకు దారి చూపిస్తుంది. బైక్ మీద నుంచి ఎగిరి భుజం మీద పడితే మెడ నుంచి చేతికి వచ్చే నరాల మీద అనుమానం రావాలి. కారు ముందు సీట్లో కూర్చుని మోకాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటే మోకాలి లోపలి వెనక లిగమెంటు మీద, తుంటి మీద అనుమానం రావాలి. హ్యాండిల్ కడుపులో గుచ్చుకుంటే పేగులు, కాలేయం, ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్), క్లోమం మీద అనుమానం. వెనక నుంచి బండి గుద్దితే మెడ. టైరు తొడ మీదుగా పోతే, పైన ఒక్క గీత లేకపోయినా చర్మం కింద పొరలు విడిపోయి ఉండొచ్చు. కాబట్టి "యాక్సిడెంట్ అయింది సార్" అని ఆపకండి. ఎటు పడ్డారు, దేనికి కొట్టుకున్నారు, బండి కింద ఎంతసేపు ఇరుక్కున్నారు అన్నవి చెప్పండి. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే చూసినవాళ్లను అడిగి ఇంటివాళ్లే చెప్పాలి.

రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, ఉదాహరణకు ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అసిట్రోమ్ లాంటివి, అడక్కపోయినా చెప్పండి. షుగర్ ఉన్నా చెప్పండి. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి దెబ్బ నొప్పి తెలియకపోవచ్చు. మందు తాగి ఉంటే దాచొద్దు. మత్తు నొప్పిని కప్పేస్తుంది, మత్తుగా ఉన్న మనిషి మగతను తలదెబ్బ మగత నుంచి వేరుచేయడం కష్టం.

ఒంటి వెనకవైపు కూడా చూడమని అడగండి. వీపు, పిరుదులు, తొడల వెనక భాగం చాలాసార్లు చూడకుండానే మిగిలిపోతాయి. ఛాతీకి అడ్డంగా గానీ పొత్తికడుపు మీద గానీ సీటు బెల్టు ఎర్రగా అచ్చుపడి ఉంటే దాన్ని చిన్న గీతగా తీసిపారేయొద్దు. ఆ అచ్చు ఉన్నవాళ్లలో పేగు చిరుగు మొదటి స్కానింగ్‌లో కనపడకుండా ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు. ఒక రోజు ఉంచి గమనిస్తామని డాక్టర్ అంటే ఒప్పుకోండి.

గర్భిణులు ప్రమాదంలో ఉంటే గీత కూడా పడలేదని ఇంటికి వెళ్లకూడదు. మాయ విడిపోవడం పైకి కనపడదు. ఐదు నెలలు దాటినవాళ్లను కనీసం నాలుగు గంటలు బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ ఉంచాలి. నెగటివ్ బ్లడ్ గ్రూప్ ఉన్న తల్లికి 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమవుతుంది.

మొదటి ఆరు గంటలు, ఆ రాత్రి

ఈ గంటల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది పిక్క, ముంజేయి. ఈ రెండు చోట్లా కండరాలు సాగని గట్టి పొరల మధ్య బిగించి ఉంటాయి. లోపల రక్తస్రావమో వాపో పెరిగితే, బయటికి ఉబ్బడానికి చోటు లేక ఆ ఒత్తిడి రక్తనాళాలనే నొక్కేస్తుంది. డాక్టర్లు దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. సుమారు ఆరు గంటలు దాటితే ఆ కండరం, నరం తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతింటాయి. ఎముక విరిగినప్పుడు ఇది ఎక్కువ. విరగకుండా కూడా వస్తుంది.

గుర్తుపట్టడం ఇలా. దెబ్బను చూస్తే అంత నొప్పి ఉండాల్సిన పని లేదనిపిస్తుంది, కానీ మనిషి విలవిల్లాడుతుంటాడు. ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తగ్గదు, గంట గంటకూ పెరుగుతుంది. పిక్క మీద చెయ్యి వేస్తే మెత్తగా ఉండదు, బిగుసుకుపోయి చర్మం నిగనిగలాడుతుంది. అప్పుడు కాలి బొటనవేలిని మెల్లగా పైకి, ఆ తర్వాత కిందికి వంచండి. పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి వస్తే అదే పెద్ద గుర్తు. ముంజేతికైతే చేతివేళ్లను చాచి చూడాలి. వేళ్ల మధ్య తిమ్మిరి, మొద్దుబారడం తోడవుతుంది. పాదం దగ్గర నాడి తగులుతోంది కదా అని ధైర్యపడొద్దు, ఈ జబ్బులో నాడి చివరిదాకా తగులుతూనే ఉంటుంది. కట్టు ఉంటే వెంటనే వదులు చేయండి. కాలిని గుండె ఎత్తులోనే ఉంచండి, దిండ్ల మీద ఇంకా పైకి ఎత్తొద్దు. అర్ధరాత్రి అయినా సరే ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొరను కోసి ఒత్తిడి తీసేయడమే దీనికి వైద్యం. తెల్లారేదాకా చూద్దాం అనుకుంటే కాలు దక్కకపోవచ్చు.

బండి కింద చాలాసేపు నలిగినవాళ్ల మూత్రం రంగు చూడండి. టీ డికాక్షన్ రంగులో వస్తే నలిగిన కండరం కరిగి రక్తంలో కలుస్తోందని అర్థం. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. వెంటనే సెలైన్ ఎక్కించాలి.

తలకు దెబ్బ తగిలినవాళ్లను ఆ రాత్రి ఒంటరిగా పడుకోబెట్టొద్దు. రెండు మూడు గంటలకోసారి లేపి పేరు, ఊరు, పక్కనున్నది ఎవరో అడగండి. పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, ఒక కంటి పాప పెద్దదవడం, ఫిట్స్, మాట తడబడటం, లేపినా లేవకపోవడం: వీటిలో ఒక్కటి కనపడినా ఆసుపత్రికే. కడుపు గట్టిపడి ముట్టుకుంటే నొప్పి రావడం, కళ్లు తిరిగి చెమటలు పట్టడం, దెబ్బ తగలకుండానే ఎడమ భుజం చివర నొప్పి రావడం కూడా అంతే. ఆ ఎడమ భుజం నొప్పి చాలాసార్లు ప్లీహం నుంచి కారే రక్తం వల్ల వచ్చేది.

కొండకు వచ్చేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మొగిలి ఘాట్‌లోనో భాకరాపేట కనుమలోనో, పూతలపట్టు రోడ్డులోనో బండి గుద్దుకున్నాక, దర్శనం టికెట్ మళ్లీ దొరకదని కాలు ఈడ్చుకుంటూ క్యూలైన్లో గంటలు నిలబడే కుటుంబాలు ఉన్నాయి. ఇంకొందరు ప్రథమ చికిత్స అవగానే అదే రాత్రి బెంగళూరుకో చెన్నైకో కారులో ముడుచుకుని కూర్చుని బయల్దేరతారు. ఆ ఆరు గంటలే గమనించాల్సిన గంటలు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. కనీసం మర్నాడు పొద్దుటి దాకా ఏదో ఒక ఆసుపత్రికి దగ్గర్లో ఉండి, మళ్లీ ఒకసారి చూపించుకుని బయల్దేరండి.

మర్నాడు పొద్దున: తల నుంచి పాదం దాకా

నిద్ర లేచాక ఒళ్లంతా పచ్చిపుండులా ఉంటుంది, అది మామూలే. ఆ నొప్పుల గుంపులో ఏది పెద్దదో వేరుచేయడమే ఈ పరీక్ష పని. వెలుతురు బాగా ఉన్న గదిలో, వదులు బట్టల్లో, పక్కన ఒకరు ఉండి చేయండి. ఏ దశలోనైనా నొప్పి గుచ్చితే ఆపేయండి.

1. మెడ: వెన్నెముక మధ్యలో నొక్కితే నొప్పి ఉన్నా, చేతుల్లో తిమ్మిరి ఉన్నా అసలు తిప్పొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. లేకపోతే మెల్లగా అటూఇటూ తిప్పండి. రెండు వైపులా కనీసం 45 డిగ్రీలు, అంటే గడ్డం భుజానికి సగం దూరం దాకా తిరగాలి. మెడనొప్పితో పాటు ఒక కంటి రెప్ప వాలినా, ముఖం వంకరపోయినా, ఒక వైపు బలం తగ్గినా మెడలో రక్తనాళం చిరిగి ఉండొచ్చు. అది అత్యవసరం.

2. భుజం: చెయ్యి పక్కకు తనంతట తానే పైకి లేవాలి. తాను ఎత్తలేక, ఎవరైనా ఎత్తితే మాత్రం పైకి పోతుంటే భుజం టెండన్ తెగి ఉండొచ్చు. నలభై దాటినవాళ్లకు భుజం జారి మళ్లీ సరిచేశాక ఇలా ఉంటే అనుమానం ఇంకా గట్టిది.

3. చెయ్యి: మణికట్టును పైకి ఎత్తగలగాలి, వేళ్లు విప్పి మూయగలగాలి. వేలి చివర కణుపు వంగిపోయి తనంతట తాను నిటారు కాకపోతే అక్కడి టెండన్ తెగిందన్నమాట. చూడ్డానికి చిన్నదే, కానీ వెంటనే చిన్న బద్ద కట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచకపోతే వేలు అలాగే నిలిచిపోతుంది. హ్యాండిల్ పట్టుకునే పడ్డవాళ్లు బొటనవేలి మొదలు నొక్కి చూసుకోండి.

4. ఛాతీ: గట్టిగా ఊపిరి తీస్తే గుచ్చే నొప్పి, ఆయాసం, దగ్గులో రక్తం ఉంటే ఆగొద్దు.

5. మోకాలు: దెబ్బ తగిలిన రెండు గంటల్లోనే బాగా ఉబ్బి ఉంటే కీలులోకి రక్తం దిగిందని అనుకోవాలి. లోపల లిగమెంటు తెగినప్పుడు ఇలా జరుగుతుంది. పడేటప్పుడు లోపల "టప్" మని తెలిసిందని చాలామంది చెబుతారు. మర్నాటికి మెల్లగా వచ్చిన వాపు ఇంతకంటే తక్కువ ప్రమాదం.

6. పాదం: పాదం పైకి ఎత్తమనండి. ఎత్తలేక కిందికి వేలాడుతుంటే మోకాలి బయటివైపు నరానికి దెబ్బ. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ముందు రోజు ఎక్స్‌రే తీసినా మళ్లీ చూపించాలి.

పరీక్షలో తేలినవి ఒక కాగితం మీద తేదీతో రాసి పెట్టండి. వాపున్న చోట ఫోన్‌తో ఫోటో తీయండి, ఎదుటి వైపు కాలూ చెయ్యీ కూడా అదే ఫోటోలో పడేలా. రెండిటినీ పక్కపక్కన చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది, డాక్టర్‌కు ఎంతో పనికొస్తుంది.

మొదటి మూడు రోజుల ఇంటి వైద్యం

ఐస్ పెట్టాలి, కాపడం పెట్టకూడదు. ఐస్‌ను తువ్వాలులో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి. చర్మానికి నేరుగా తగిలితే కాలిపోతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో జ్యూస్ అంగడి నుంచి ఐస్ తెచ్చుకోవచ్చు, అదీ లేకపోతే చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ మార్చిమార్చి వేయండి.

క్రేప్ బ్యాండేజీ కట్టడం చాలామందికి రాదు. వాపు ఉన్న చోటే బిగించి కట్టి పైనా కిందా వదిలేస్తారు. చీలమండ బెణికితే కాలివేళ్ల మొదలు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ప్రతి చుట్టూ కింది చుట్టులో సగాన్ని కప్పాలి, కింద కాస్త బిగువుగా మొదలై పైకి వచ్చేకొద్దీ వదులవ్వాలి. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోతే, వేళ్లు చల్లబడినా నీలంగా మారినా, కట్టు విప్పి మళ్లీ కట్టండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి.

నొప్పికి ముందు పారాసెటమాల్ వాడండి. పెద్దవాళ్లకు 650 మాత్ర ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ తాగేవాళ్లు డాక్టర్‌ను అడిగి వాడాలి. డైక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగొద్దు. కిడ్నీ జబ్బు, అల్సర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు అవి ప్రమాదం.

ఇక మర్దన. దీని గురించి నిలబడి చెప్పాలి. దెబ్బ తగిలిందంటే నూనె కాచి రుద్దడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పని. అమ్మమ్మో అత్తమ్మో గంటసేపు కూర్చుని రుద్దుతారు. కానీ లోపల తెగిన చిన్న రక్తనాళాలు అప్పుడప్పుడే మూతపడుతుంటాయి, రుద్దితే మళ్లీ తెరుచుకుని రక్తం ఊరుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఒకటుంది. బాగా నలిగిన తొడ కండరాన్నీ, మోచేతి ముందు కండరాన్నీ గట్టిగా రుద్దినా, బలవంతంగా వంచి చాచినా, కొన్ని వారాల్లో ఆ కండరంలోనే ఎముక పెరగడం మొదలవుతుంది. మోచేయి ఇక ముడుచుకోదు, చాచుకోదు. ముఖ్యంగా పిల్లల మోచేతికి మర్దన చేయించొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఎముకలకు నాటుపద్ధతిలో కట్టే పుత్తూరు కట్టు మాట ఇక్కడ ఎత్తకపోతే ఈ జిల్లాల్లో రాసినట్టే కాదు. తరాలుగా జనం నమ్మకంతో వెళ్లే చోటు అది, ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. వెళ్లేవాళ్లు మాత్రం మూడు విషయాలు పాటించండి. బయట తెరిచిన గాయం ఉన్నా, తిమ్మిరి ఉన్నా, వేళ్లు కదలకపోయినా, వాపు ఇంకా పెరుగుతున్నా ముందు ఆసుపత్రి. వాపు పెరిగే మొదటి రెండు రోజుల్లో వెదురు బద్దలతో గుండ్రంగా బిగించే ఏ కట్టూ మంచిది కాదు, అది ఎవరు కట్టినా, పిండికట్టు అయినా అంతే. కట్టు కట్టాక ఆ రాత్రి నొప్పి తగ్గకుండా పెరిగితే మళ్లీ తేదీ ఇచ్చారని ఆగొద్దు, విప్పించండి.

పథ్యం గురించి రెండు ముక్కలు: పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. తెగిన కండరం అతుక్కోవడానికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం అలవాటున్నవన్నీ పెట్టండి. షుగర్ ఉంటే అదుపులో ఉంచండి. బీడీ, సిగరెట్ మానితే గాయం త్వరగా మానుతుంది.

మూడో రోజు నుంచి పదో రోజు దాకా

ఈ రోజుల్లో నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గి మళ్లీ పెరిగితే ఏదో కొత్తగా జరుగుతోందని అర్థం.

తుంటి పక్కన, తొడ బయటివైపు, నడుము కింద వాపును చేత్తో తడిమి చూడండి. రోడ్డు మీద ఈడ్చుకుపోయినవాళ్లకు, టైరు నలిపినవాళ్లకు అక్కడి చర్మం, కొవ్వు పొర కింది కండరం నుంచి ఊడిపోయి మధ్యలో రక్తం, నీరు చేరతాయి. ఒక పక్క నొక్కితే పాల ప్యాకెట్‌ను నొక్కినట్టు ఇంకో పక్క ఉబ్బుతుంది. పైన చర్మం మొద్దుబారి ఉంటుంది, అటూఇటూ మామూలు కంటే ఎక్కువ కదులుతుంది. కరకంబాడి రోడ్డులో బైక్ జారిన ఒక యువకుడు ఇలాంటి వాపుతోనే వచ్చాడు. "ఎముకకేం కాలేదన్నారు కదక్కా, నడస్తానే ఉండాను" అన్నాడు. అరచేతిలో సగం మేర వాపు మీద దూదితో తాకితే అతనికి తెలియలేదు. అల్ట్రాసౌండ్ తీయించి సర్జన్ దగ్గరికి పంపాం. తొందరగా పట్టుకుంటే బిగువు కట్టుతో, సూదితో నీరు తీయడంతో చాలావరకు నయమవుతుంది. ఆలస్యమైతే చుట్టూ గట్టి తిత్తి ఏర్పడి ఎన్నిసార్లు నీరు తీసినా మళ్లీ ఊరుతుంది, పైన చర్మం కూడా చెడిపోవచ్చు. ఇంట్లో బ్లేడుతో పొడిచి నీరు తీయడం మాత్రం చేయకండి, చీము పట్టిందంటే ప్రాణం మీదికి వస్తుంది.

బైక్ వెనక కూర్చుని చక్రం ఊచల్లో కాలు పెట్టిన పిల్లల మడమ కూడా ఇలాగే మోసం చేస్తుంది. మొదటి రోజు చిన్న గీత. మూడు నుంచి ఐదు రోజులకు మడమ వెనక చర్మం నల్లబడి ఊడిపోతుంది, కింద టెండన్ బయటపడుతుంది. ఆ చోటును రోజూ విప్పి చూడాలి.

మంచం మీదే ఉన్నవాళ్లకు పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తికి చేరిందేమో, వెంటనే 108. ప్లీహం చిరుగు మొదట ఆగినట్టే ఆగి, వారం పది రోజులకు పగిలే అవకాశం కూడా ఉంది. కడుపుకు దెబ్బ తగిలినవాళ్లు ఈ రోజుల్లో బరువులెత్తడం, బండెక్కడం మానాలి.

మెడ పట్టేసినవాళ్లు కాలర్ పెట్టుకుని నెలలు గడుపుతుంటారు. డాక్టర్ చెప్పిన కొద్ది రోజులు దాటాక కాలర్ వల్ల మెడ కండరాలు బలహీనపడి నొప్పి మొండిదవుతుంది. ఎముకకు, నరానికి దెబ్బ లేదని తేలాక మెల్లగా కదిలించడమే వైద్యం.

పదో రోజు తర్వాత: కదలిక

మొదటి వారం దాటాక తెగిన చోట కొత్త పీచు అల్లుకోవడం మొదలవుతుంది. ఆరు వారాల దాకా అది అల్లుకుంటూ, ఆ తర్వాత నెలల తరబడి గట్టిపడుతూ ఉంటుంది. ఈ కాలంలో పూర్తిగా పడుకోబెట్టినా చెడిపోతుంది, ఒక్కసారిగా పరుగులు పెట్టినా చెడిపోతుంది. కొలత ఒకటే. చేసేటప్పుడు కాస్త లాగినట్టు ఉండొచ్చు, కానీ ఆ నొప్పి మర్నాడు పొద్దుటికి మిగలకూడదు. మిగిలితే నిన్న చేసినదాంట్లో సగం చేయండి.

చీలమండకు: పడుకుని బొటనవేలితో గాలిలో అ ఆ ఇ ఈ అక్షరాలు రాయండి, రోజుకు మూడుసార్లు. మోకాలికి: కింద మడత తువ్వాలు పెట్టి దాన్ని మోకాలి వెనకతో నొక్కి అయిదు సెకన్లు పట్టి వదలండి, పదిసార్లు. భుజానికి: ముందుకు వంగి బల్ల పట్టుకుని, దెబ్బ తగిలిన చేతిని వదులుగా వేలాడదీసి చిన్న సున్నాలు తిప్పండి. మెడకు: గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి లాగి మూడు సెకన్లు పట్టండి. ఇవి లిగమెంటు పూర్తిగా తెగలేదని డాక్టర్ చెప్పాక చేసేవి.

మోకాలి లిగమెంటు దెబ్బ ఉన్నవాళ్లు కింద కూర్చుని భోంచేయడం, బాసిపట్లు వేయడం, ఇండియన్ టాయిలెట్ మీద గొంతుక్కూర్చోవడం మానాలి. మధ్యలో రంధ్రం ఉన్న టాయిలెట్ కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. పెద్దవాళ్లు సిగ్గుపడి వద్దంటారు. ఇంట్లోవాళ్లు తెచ్చి పెట్టేస్తే రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఆరో వారం: తగ్గనివాటి లెక్క తీయడం

ఆరు వారాలకూ మోకాలు మెట్లు దిగేటప్పుడు జారిపోతున్నట్టు ఉన్నా, మధ్యలో ఇరుక్కుపోతున్నా, భుజం లేవకపోయినా ఎంఆర్‌ఐ తీయించాల్సిందే. నిజానికి భుజం విషయంలో మూడో వారమే అడగండి. తెగిన టెండన్ వెనక్కి ముడుచుకుపోయి, దాని కండరం కొవ్వుగా మారిపోతే ఆపరేషన్ చేసినా పాత బలం రాదు.

చెయ్యి మొత్తం వాలిపోయినవాళ్ల సంగతి ఇంకా తొందర. మెడ నుంచి చేతికి వచ్చే నరాలు తెగితే మూడు నుంచి ఆరు నెలల్లోపు చేసే ఆపరేషన్లకే మంచి ఫలితం ఉంటుంది. "కరెంటు పెట్టించుకుంటే వచ్చేస్తుంది" అని ఏడాది గడిపి వచ్చినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నరాల పరీక్ష దెబ్బ తగిలిన మూడు వారాలకు తీస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఆ తేదీ ముందే రాసిపెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ వారాల్లో నడక తూలడం, మతిమరుపు, ఎడతెగని తలనొప్పి మొదలైతే వయసు అనుకోకండి. నెల క్రితం తగిలిన చిన్న తలదెబ్బకు మెదడు మీద మెల్లగా రక్తం చేరి ఉండొచ్చు. సీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది, వైద్యం ఉంది.

ఎముకలు, కీళ్ల ఆపరేషన్లకు టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది, ఫిజియోథెరపీ కళాశాల స్విమ్స్‌లో ఉంది. వెళ్లేటప్పుడు మొదటి రోజు ఎక్స్‌రేల నుంచి మీరు తీసిన ఫోటోల దాకా అన్నీ పట్టుకెళ్లండి.

కాగితాలు

ప్రమాదం కేసు కాబట్టి ఆసుపత్రిలో ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు, నమోదవుతుంది. మొదటి రోజు మీరు చెప్పని నొప్పి ఆ కాగితంలో ఉండదు. తర్వాత బయటపడిన దెబ్బకు "ఇది ప్రమాదంలో తగిలింది కాదు" అని ఇన్సూరెన్స్ వాళ్లు అనడానికి అక్కడే సందు దొరుకుతుంది. కొత్త నొప్పి కనపడిన ప్రతిసారీ ఓపీ చీటీ మీద రాయించుకోండి, ఫలానా తేదీ ప్రమాదం తర్వాత మొదలైందని డాక్టర్‌ను రాయమని అడగండి. ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో వేసే క్లెయిమ్‌కు గడువు ఉంటుంది కాబట్టి పూర్తిగా నయమయ్యాక చూద్దాం అనుకోకుండా ముందే లాయర్‌ను కలవండి.

మళ్లీ బండి, మళ్లీ మెట్లు

బైక్ ఎక్కే ముందు మూడు చూసుకోండి. మెడ రెండు వైపులా నొప్పి లేకుండా తిరగాలి. దెబ్బ తగిలిన చేత్తో బ్రేక్ లివర్‌ను గట్టిగా పట్టి పది సెకన్లు ఉంచగలగాలి. దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలిపై పదిహేను సెకన్లు నిలబడగలగాలి, ఎందుకంటే సిగ్నల్ దగ్గర బండి బరువును ఆపేది ఆ కాలే.

ప్రాణం దక్కిందని అలిపిరి మెట్లు ఎక్కుతామని మొక్కుకునేవాళ్లు చాలామంది. మొక్కు తీర్చుకోండి, కానీ మూడు వేల అయిదు వందలకు పైగా ఉన్న మెట్లు ఆరో వారంలో కాదు. ముందు ఇంటి మెట్లు, తర్వాత నాలుగంతస్తులు, ఆ తర్వాత గాలిగోపురం దాకా ఒకసారి ఎక్కి మర్నాడు మోకాలు వాచలేదని చూసుకుని పూర్తిగా ఎక్కండి. దిగేటప్పుడు మోకాలి మీద బరువు ఎక్కువ పడుతుంది, కాబట్టి తిరుగు ప్రయాణం బస్సులో చేయండి.